స్పీడ్‌వే బండికి ఖర్చు లెక్క: ఏ పార్ట్ ఎన్ని రేసులు వస్తుంది, ఎప్పుడు మార్చాలి

స్పీడ్‌వేలోకి, అంటే అండాకారపు మట్టి ట్రాక్ మీద జరిగే బైక్ రేసుల్లోకి, కొత్తగా దిగేవాళ్లు మొదట అడిగేది బండి రేటు ఎంత అని. రేటు ఎంతైనా అది ఒక్కసారి కట్టేదే. ట్రాక్ మీదకు వెళ్లిన ప్రతిసారీ కట్టేది పార్టుల ఖర్చు, సీజన్ మధ్యలో జేబు ఖాళీ అయ్యేది దానివల్లే. ఇంగ్లండ్‌లో అయినా పోలండ్‌లో అయినా లీగ్ రైడర్లు ఎక్కువమంది సొంత బండ్ల మీదే ఆడతారు, ఇంజిన్ బిల్లులు కూడా వాళ్లే కట్టుకుంటారు, క్లబ్ నుంచి వచ్చేది ప్రధానంగా పాయింట్ల లెక్కన డబ్బు. అందుకే పార్టుల లెక్క తెలియకపోతే పాయింట్లు బాగానే కొట్టినవాడు కూడా చివరికి అప్పుల్లో పడతాడు. ఇంగ్లండ్‌లోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన మనవాళ్ల పిల్లలెవరైనా ట్రైనింగ్ ట్రాక్ వైపు చూస్తుంటే, లేదా మీరే పాత బండి ఒకటి కొని వారాంతాల్లో తిప్పుదామనుకుంటుంటే, అడ్వాన్స్ ఇచ్చేముందే ఈ లెక్క ఒకసారి చూసుకోండి.

ఈ బండి ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 500 సీసీ, ఒకే సిలిండర్, ఫోర్ స్ట్రోక్ ఇంజిన్. గేరు ఒక్కటే, బ్రేకులు అసలు లేవు, వెనక సస్పెన్షన్ లేదు, తాగేది మిథనాల్. బరువు కనీసం 77 కిలోలు ఉండాలని ఎఫ్‌ఐఎం (అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య) నిబంధన, అంటే మన స్ప్లెండర్ కంటే బాగా తేలిక, పవర్ మాత్రం 70 హార్స్‌పవర్ పైమాటే. నలుగురు రైడర్లు, నాలుగు ల్యాపులు, ఎప్పుడూ ఎడమవైపు తిరుగుడే, నిమిషంలో రేసు అయిపోతుంది. ఇంజిన్లలో ఎక్కువగా కనిపించేవి ఇటలీ నుంచి వచ్చే జీఎం, చెక్ దేశం నుంచి వచ్చే జావా. అవును, ఒకప్పుడు మైసూరులో తయారైన జావా బండ్ల పేరు వచ్చింది ఆ దేశం నుంచే.

మొదటి పని: కిలోమీటర్లు వదిలేసి రేసులు లెక్కపెట్టండి

మామూలు బండికి మనం సర్వీసు లెక్క కిలోమీటర్లలో చూస్తాం, లేదా ఆరు నెలలకోసారి అంటాం. ఇక్కడ ఆ రెండూ పనికిరావు. స్పీడ్‌వే ట్రాక్ పొడవు 260 నుంచి 425 మీటర్ల మధ్య ఉంటుంది. 300 మీటర్ల ట్రాక్ అనుకుందాం, నాలుగు ల్యాపులకు 1.2 కిలోమీటర్లు. లీగ్ స్థాయిలో బాగా పిండే ఇంజిన్‌ని ఇంచుమించు 20 నుంచి 30 రేసులకోసారి విప్పుతారు. 25 రేసులు వేసుకుంటే 30 కిలోమీటర్లు! విజయవాడలో బయల్దేరితే గుంటూరు చేరకముందే ఇంజిన్ విప్పించినట్టన్నమాట.

ఎందుకంత తొందరగా అంటే, ఇంజిన్ రేసు మొత్తం పదివేల ఆర్‌పీఎం చుట్టుపక్కలే అరుస్తుంటుంది, పైగా మట్టిలో వెనక చక్రం ఒక్క క్షణం జారి పిచ్చిగా తిరుగుతుంది, మరుక్షణం గాడిలో పట్టు దొరికి టక్కున ఆగినంత పనవుతుంది. ఆ దెబ్బ చక్రం నుంచి చెయిన్‌కి, చెయిన్ నుంచి క్లచ్‌కి, క్లచ్ నుంచి క్రాంక్‌కి వెళ్తుంది. ల్యాపులో ఎన్నిసార్లు అలా జరుగుతుందో గ్రాండ్‌స్టాండ్‌లో కూర్చున్నవాళ్లకు వినబడుతూనే ఉంటుంది.

కాబట్టి ఒక నోటు పుస్తకం కొనండి. ఫోన్‌లో ఎక్సెల్ పెట్టుకున్నా పర్వాలేదు గానీ, పిట్స్‌లో (ట్రాక్ పక్కన బండ్లు సరిచేసుకునే చోట) గ్రీజు చేతులతో ఫోన్ ముట్టుకోవడం విసుగు, నా ఓటు పుస్తకానికే. ఒక్కో పార్టుకి ఒక్కో పేజీ: ఇంజిన్, వెనక టైర్, ప్రైమరీ చెయిన్, వెనక చెయిన్, క్లచ్ ప్లేట్లు, ఫ్రేమ్. రెండు ఇంజిన్లు ఉంటే రెండు పేజీలు. పార్టు మీద పెయింట్ పెన్‌తో నంబర్ రాయండి, లేకపోతే పెట్టెలో పడున్న మూడు చెయిన్లలో ఏది పాతదో మీకే గుర్తుండదు. ఎక్కించిన తేదీ, ఎన్ని రేసులు తిరిగింది, తీసేటప్పుడు ఎలా ఉంది, ఎంత పెట్టి కొన్నారు, ఇంతే. ప్రాక్టీస్‌లో తిరిగిన నాలుగు ల్యాపులు కూడా ఒక రేసుగానే రాయండి. చాలామంది ప్రాక్టీస్‌ని లెక్కలోకి తీసుకోరు, తర్వాత "15 రేసులకే ఇంజిన్ పోయింది" అని ట్యూనర్ (ఇంజిన్ విప్పి సర్వీసు చేసే మెకానిక్) మీద పడతారు. ఇంజిన్‌కి స్కోర్‌బోర్డు కనబడదు కదా.

రెండో పని: మిథనాల్‌ని రాత్రికి బండిలో ఉంచకండి

ఈ ఒక్క అలవాటు చేసుకుంటే మిగిలే డబ్బు ఇంకెక్కడా మిగలదు, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

మిథనాల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమతో కలిసి అల్యూమినియాన్ని, మెగ్నీషియాన్ని తినేస్తుంది. ఒక వారం వదిలేసి ఫ్లోట్ బౌల్ (కార్బరేటర్ అడుగున ఇంధనం నిలిచే గిన్నె) విప్పి చూడండి, అడుగున తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది. ఆ పొడి జెట్‌లో (ఇంధనం వెళ్లే సన్న కన్నంలో) ఇరుక్కుంటే ఇంజిన్‌కి ఇంధనం తక్కువ అందుతుంది. మిథనాల్ ఇంజిన్‌కి పెట్రోల్‌తో పోలిస్తే రెండింతలకు పైగా ఇంధనం కావాలి, అది ఆవిరవుతూ ఇంజిన్‌ని చల్లబరుస్తుంది కూడా. అలాంటిది తగ్గితే లోపల వేడి ఒక్కసారిగా పెరిగి పిస్టన్ నెత్తి కరుగుతుంది. చిటికెడు పొడికి పిస్టన్, బోరు (సిలిండర్ లోపలి గోడ), ఒక్కోసారి హెడ్డు కూడా బలి.

చేయాల్సింది ఇదీ వరస. చివరి రేసు అయ్యాక ట్యాంక్ ఖాళీ చేయండి. ఫ్లోట్ బౌల్ విప్పి వంచేయండి. కార్బరేటర్‌ని పెట్రోల్‌తో కడగండి, జెట్లు తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకుని కన్నం గుండ్రంగా, శుభ్రంగా కనబడుతుందో లేదో చూడండి, వైరు మాత్రం దూర్చకండి, కన్నం పెద్దదైతే జెట్ సైజు మారిపోతుంది. ప్లగ్ తీసి బోరులోకి కొంచెం ఆయిల్ స్ప్రే చేసి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పి ఇంజిన్‌ని నాలుగు చుట్లు తిప్పండి. ఆ తర్వాత పిస్టన్ కంప్రెషన్ మీద పైకి వచ్చిన చోట ఆపేయండి, అప్పుడు వాల్వులన్నీ మూసుకుని ఉంటాయి, తేమ లోపలికి పోదు. ఇంధనం పైపులు గట్టిపడి పగుళ్లు కనిపిస్తే రెండో ఆలోచన లేకుండా మార్చేయండి, ఎలాగూ సీజన్‌కోసారి మార్చాల్సినవే.

మిథనాల్ క్యాన్ గురించీ ఒక మాట. సగం వాడిన క్యాన్‌ని నెలల తరబడి గ్యారేజీలో ఉంచితే అది నెమ్మదిగా నీళ్లు కలిసిన మిథనాల్ అవుతుంది, అదే మీరు మళ్లీ ఇంజిన్‌లో పోస్తారు. చిన్న క్యాన్లు కొనండి, మూత బిగించి ఉంచండి, పెద్ద అక్షరాలతో పేరు రాయండి. మన ఊళ్లలో కల్తీ సారా తాగి మనుషులు చనిపోయిన, కళ్లు పోయిన వార్తలు చదివాం కదా, ఆ సారాలో ఉండేది ఇదే. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, నోటితో పైపు లాగి తీయడం లాంటి మన పాత పద్ధతులు ఇక్కడ పొరపాటున కూడా వద్దు, పిల్లలకు అందేచోట పెట్టొద్దు. దీని మంట పగటి వెలుతురులో కంటికి కనబడదు. పిట్స్‌లో ఎవరైనా ఏ కారణం లేకుండా ఒళ్లు దులుపుకుంటూ గెంతుతుంటే నవ్వకుండా నీళ్ల బకెట్ పట్టుకెళ్లండి.

బండి కడిగేటప్పుడు సైలెన్సర్ నోటికి, కార్బరేటర్ నోటికి మూతలు పెట్టి కడగండి. ప్రెషర్ వాషర్‌ని బేరింగుల మీదకు నేరుగా కొట్టకండి. చక్రాల బేరింగులు అరిగిపోయి చచ్చేవాటికంటే నీళ్లు పోయి తుప్పుపట్టి చచ్చేవే ఎక్కువ.

మూడో పని: ఆయిల్‌ని చూసి ఇంజిన్ లోపలి సంగతి తెలుసుకోండి

ఈ ఇంజిన్లలో ఎన్నో ఏళ్లుగా పోసింది ఆముదం ఆధారంగా చేసిన రేసింగ్ ఆయిల్. మహబూబ్‌నగర్, నల్గొండ చేలల్లో పండే అదే ఆముదం. మిథనాల్ మామూలు మినరల్ ఆయిల్‌తో సరిగ్గా కలవదు, ఆముదం మాత్రం కలుస్తుంది, వేడి మీద పొర వదలకుండా లోహానికి అతుక్కుంటుంది. పాత స్టేడియంలలో గాల్లో తేలే ఆ వాసన కోసమే వచ్చే పెద్దవాళ్లున్నారు. దాని చెడ్డగుణం ఏంటంటే, కాలాక జిగురులా గట్టిపడి పిస్టన్ పక్కల మీద, రింగుల గాళ్లలో పేరుకుంటుంది, రింగు అతుక్కుపోతే కంప్రెషన్ దిగిపోతుంది. ఇప్పుడు సింథటిక్ ఆయిళ్లు కూడా బాగా వాడుతున్నారు. ఏది పోయాలన్నది మీ ట్యూనర్ చెప్పినట్టు చేయండి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేటప్పుడు లోపల పాతది మిగలకుండా చూసుకోండి, రెండూ కలిపి పోయకండి.

ఆయిల్ ఎంతకాలం వస్తుందంటే, ఒక మీటింగ్, అంటే ఒక పోటీ రోజు. అంతే. మిథనాల్ రింగుల పక్క నుంచి కిందకు జారి ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా మారుతుంది, ఆ ఆయిల్‌కి బేరింగుని కాపాడే సత్తా ఉండదు. మార్చడానికి అయ్యేది లీటరో అంతకంటే తక్కువో ఆయిల్ ఖర్చు, దాన్ని మిగుల్చుకోవడం అనవసరపు పిసినారితనం.

తీసిన ఆయిల్‌ని ఊరికే పారబోయకండి. పాత తెల్ల బనియన్ గుడ్డ ముక్క ఒకటి గరాటు మీద వేసి దాని మీదుగా నెమ్మదిగా పోయండి. తర్వాత గుడ్డని ఎండలోకి తీసుకెళ్లి వాల్చి చూడండి. సన్నటి బూడిదరంగు మెరుపు ఉంటే మామూలు అరుగుదల, కంగారు అక్కర్లేదు. రేకుల్లా మెరిసే ముక్కలు కనిపిస్తే అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కోకపోతే అల్యూమినియం, పిస్టన్ వైపు అనుమానించాలి. అతుక్కుంటే ఇనుము, సూదిమొనల్లా ఉంటే బేరింగ్ రోలర్లు పొరలు లేస్తున్నాయని అర్థం, అది కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) కింది బేరింగ్ అయితే ఇక ఒక్క రేసు కూడా వేయకండి. ఆ గుడ్డ ముక్కని తేదీ రాసి కవర్లో పెట్టి ఉంచితే ట్యూనర్‌కి మీరు చెప్పే వంద మాటలకంటే అదే ఎక్కువ చెబుతుంది.

నాలుగో పని: ఇంజిన్ సర్వీసు, అసలు ఖర్చు ఇక్కడే

సర్వీసు అంటే ఒకటే రకం అనుకోకండి. పైభాగం సర్వీసు ఒకటి: పిస్టన్, రింగులు, గడ్జన్ పిన్, వాల్వ్ స్ప్రింగులు, వాల్వులు చూసి సీటింగ్ సరిచేయడం. పూర్తి సర్వీసు ఇంకోటి: క్రాంక్ కేసు విడదీసి బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ కింది) బేరింగ్, క్రాంక్ పిన్, కనెక్టింగ్ రాడ్, మెయిన్ బేరింగులు మార్చడం. రెండో దాని బిల్లు మొదటి దానికంటే బాగా ఎక్కువ ఉంటుంది, సహజం. బండి ఇచ్చేముందు ట్యూనర్‌ని మూడు ప్రశ్నలు అడగండి: ఈసారి ఏం మారుస్తున్నారు, రాడ్‌కి ఇంకా ఎన్ని రేసులు మిగిలున్నాయి, తీసేసిన పార్టులు వెనక్కి ఇస్తారా. మంచి ట్యూనర్ పాత పార్టులు కవర్లో వేసి మీ చేతిలో పెడతాడు, అరుగుడు ఎక్కడ వచ్చిందో వేలు పెట్టి చూపిస్తాడు. విసుక్కునేవాడి దగ్గర రెండోసారి ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం.

కొన్ని పార్టులు అరిగి చెప్పి పోతాయి, కొన్ని చెప్పకుండా పోతాయి. రింగులు చెప్పే రకం: పొగ వస్తుంది, ఆయిల్ తాగుతుంది, తోసి స్టార్ట్ చేసేటప్పుడు చక్రం తేలిగ్గా తిరుగుతుంది. వాల్వులు, కనెక్టింగ్ రాడ్ చెప్పని రకం. నిన్నటిదాకా బాగానే ఉంటాయి, ఈరోజు మూడో ల్యాపులో వాల్వ్ తల ఊడి పిస్టన్ మీద పడుతుంది, అక్కడితో హెడ్డు, బోరు, పిస్టన్ అన్నీ పోతాయి, రాడ్ విరిగితే క్రాంక్ కేసు కూడా పగులుతుంది. అందుకని ఈ రెండిటినీ చూపుకి బాగున్నాయా అన్నదాన్ని బట్టి కాకుండా పుస్తకంలో అంకెని బట్టే మార్చాలి. కొత్త ఇంజిన్ వేల పౌండ్ల మాట, వాల్వుల సెట్టు అందులో ఎన్నో వంతో మీరే లెక్కవేసుకోండి.

సర్వీసుల మధ్యలో మీరు ఇంట్లో చేయగలిగినవీ ఉన్నాయి. మీటింగ్ ముందురోజు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వాల్వ్ గ్యాప్ చూడండి. గ్యాప్ ప్రతిసారీ తగ్గిపోతూ ఉంటే వాల్వ్ సీటులోకి దిగిపోతోందని అర్థం, పుస్తకంలో రాస్తే ఆ తగ్గుదల కనబడుతుంది, రాయకపోతే ప్రతిసారీ సర్ది మర్చిపోతారు. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎక్కడ కారుతోందో చూపే లీక్ డౌన్ గేజ్ ఒకటి కొనుక్కుంటే ఇంకా మంచిది: గాలి ఎగ్జాస్ట్‌లోంచి బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బరేటర్‌లోంచి అయితే ఇన్‌లెట్ వాల్వ్, క్రాంక్ కేసు బ్రీదర్‌లోంచి అయితే రింగులు. చెవి పెట్టి వింటే చాలు.

ఐదో పని: చెయిన్లు, క్లచ్, టైర్

చెయిన్ విషయంలో జనం చేసే పిసినారితనం చూస్తే నాకు నవ్వూ కోపమూ రెండూ వస్తాయి. స్టార్ట్ దగ్గర బండ్ల ముందు అడ్డంగా కట్టిన టేపు లేచిన క్షణంలో చెయిన్ తెగితే ఏమవుతుంది? బండి ఆగిపోవడం చిన్న సంగతి. ఫుల్ థ్రాటిల్‌లో ఉన్న ఇంజిన్‌కి ఒక్కసారిగా బరువు పోతుంది, ఆర్‌పీఎం ఆకాశానికి వెళ్తుంది, వాల్వ్ స్ప్రింగులు అందుకోలేవు, వాల్వ్ పిస్టన్‌కి తగులుతుంది. తెగిన చెయిన్ రైడర్ కాలికి తగిలితే అది వేరే కథ. చవకైన పార్టు ఖరీదైన పార్టుని తినడమంటే ఇదే.

రెండు చెయిన్లుంటాయి. ఇంజిన్ నుంచి క్లచ్‌కి వెళ్లేది ప్రైమరీ, పొట్టిది, వేగంగా తిరుగుతుంది కాబట్టి ఒక్కో లింకు మీద పని ఎక్కువ. రెండోది వెనక చక్రానిది. కొలవడం తేలిక: వెనక చెయిన్ పిచ్ ఐదు ఎనిమిదో వంతు అంగుళం, కాబట్టి బిగువుగా లాగి 20 పిచ్‌లు కొలిస్తే కొత్తదానికి 317.5 మిల్లీమీటర్లు రావాలి. 320.5 దాటితే సుమారు ఒక శాతం సాగినట్టు, రేసు బండికి అది చాలు, తీసేయండి. ప్రాక్టీస్‌కి పనికొస్తుందిలే అని పెట్టెలో దాచుకోకండి, ప్రాక్టీస్‌లోనూ అది తెగుతుంది. ఒక్కచోట కాకుండా మూడు చోట్ల కొలవండి, ఎందుకంటే గేరింగ్ కోసం వెనక స్ప్రాకెట్ మాటిమాటికీ మారుస్తారు, లింకులు కలిపి విడదీసి చేసిన చెయిన్ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ సాగుతుంది. స్ప్రాకెట్ పళ్లు ఒకవైపుకి వంగి కొక్కెంలా తయారైతే దాని మీద కొత్త చెయిన్ వేయడం దండగ, కొత్త చెయిన్‌ని కూడా అది పాడుచేస్తుంది.

క్లచ్ పొడి క్లచ్, ఆయిల్‌లో మునిగి ఉండదు. పని చేసేది స్టార్ట్ దగ్గర ఆ ఒకటి రెండు సెకన్లే, కానీ ఆ సెకన్లలోనే కాలిపోతుంది. ప్లేట్లు విప్పినప్పుడు స్టీల్ ప్లేటుని అద్దం ముక్క మీద పెట్టి అంచుల్ని వేలితో నొక్కుతూ రండి, టకటకమని ఊగితే వంగిందని అర్థం. నీలంరంగు మచ్చలు ఉంటే వేడెక్కింది. ఫ్రిక్షన్ ప్లేట్ల మందం కాలిపర్‌తో కొలిచి పుస్తకంలో రాయండి. ప్లేట్లు కూర్చునే క్లచ్ బుట్ట గాళ్లలో ప్లేటు చెవులు కొట్టుకుని గుంటలు పడితే క్లచ్ ఒక్కసారిగా పట్టదు, కుదుపులు కుదుపులుగా పడుతుంది, రైడర్ స్టార్టులు తప్పుతూ తన చేతి నైపుణ్యం పోయిందనుకుంటాడు. స్ప్రింగులు అన్నీ ఒకే పొడవు ఉండాలి, ఒకటి పొట్టిదైతే సెట్టు మొత్తం మార్చండి, పెద్ద ఖర్చేమీ కాదు. స్టార్ట్ దగ్గర అనవసరంగా క్లచ్ ఆడించే అలవాటు మానితే ప్లేట్ల ఆయుష్షు మీరు అనుకున్నదానికంటే పెరుగుతుంది.

వెనక టైర్ ఆయుష్షు చూస్తే మామూలు బండి నడిపేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. కొత్త టైర్ బ్లాకుల అంచులు కత్తిలా ఉంటాయి, ఆ అంచే మట్టిని పట్టుకునేది. కొన్ని రేసులకే అది గుండ్రబడుతుంది. అప్పుడు టైర్‌ని రిమ్ము మీంచి తీసి తిప్పి ఎక్కిస్తారు, రెండోవైపు అంచు ఇంకా పదునుగానే ఉంటుంది కాబట్టి. అలా ఒక టైర్‌కి రెండు జీవితాలు. పోటీలో అంతకుమించి ఆశపడటం పాయింట్లు పోగొట్టుకోవడమే, ప్రాక్టీస్‌కి మాత్రం లీగ్ రైడర్లు తీసేసిన టైర్లు చవగ్గా దొరుకుతాయి, నేర్చుకునేవాళ్లకు అవే చాలు. పైగా పట్టు తక్కువున్న టైర్ నేర్చుకునేవాడికి మేలు కూడా, బండి ఒక్కసారిగా పట్టుకుని ముందు చక్రం గాల్లోకి లేవదు. ముందు టైర్ నెలల తరబడి వస్తుంది, పగుళ్లు, కోతలు చూసుకుంటే సరిపోతుంది.

మిగతావి చకచకా: ప్లగ్ చవక, అనుమానం వస్తే మార్చేయడమే. థ్రాటిల్ కేబుల్‌లో ఒక్క పోగు తెగినా కేబుల్ తీసిపారేయండి, బ్రేకు లేని బండి మీద థ్రాటిల్ ఇరుక్కోవడం తమాషా విషయం కాదు. రైడర్ మణికట్టుకి కట్టుకునే, పడితే ఇంజిన్‌ని ఆపేసే కట్ అవుట్ తాడు పనిచేస్తోందో లేదో ప్రతి మీటింగ్‌కి లాగి చూడండి. సైలెన్సర్ లోపలి ఊలు కాలిపోతే శబ్దం పెరుగుతుంది, రేసుకి ముందు బండిని తనిఖీ చేసే స్క్రూటినీలో ఆపేస్తారు. ఎడమ కాలి స్టీల్ షూ అడుగు పలచబడితే మళ్లీ వెల్డింగ్ పూత వేయించండి, కన్నం పడేదాకా ఆగకండి.

ఆరో పని: పడిపోతే పోయేవాటికి విడిగా డబ్బు పక్కన పెట్టండి

ఫ్రేమ్, ఫోర్కు, హ్యాండిల్, చక్రాలు అరుగుదలతో పోయేది తక్కువ, పడితే పోయేదే ఎక్కువ. వీటికి రేసుల లెక్క సరిపోదు. పడిన తర్వాత బండి సరిగ్గానే ఉందనిపించినా హ్యాండిల్‌ని బల్ల మీద పెట్టి దొర్లించి చూడండి, ఫోర్కు కాళ్లు రెండూ ఒకే లైనులో ఉన్నాయా చూడండి, వెల్డింగుల దగ్గర పెయింట్ జుట్టుపోగులా చీలి ఉంటే అక్కడ తుడిచి గోరు పెట్టి గీకండి. చువ్వల్ని స్పానర్‌తో కొట్టుకుంటూ పోతే లూజుగా ఉన్నదాని శబ్దం వేరుగా, డొల్లగా వినిపిస్తుంది. వంగిన ఫ్రేమ్‌ని సరిచేయించడం కొంతవరకు కుదురుతుంది గానీ, ఒకసారి బాగా వంగినదాన్ని కొత్తవాడికి ఇవ్వకండి.

ఏడో పని: రేసుకి ఎంత పడుతోందో లెక్కకట్టండి

ఇప్పుడు పుస్తకం తెరవండి. కిందవి లెక్క చూపించడానికి వేసిన అంకెలు మాత్రమే, మీ బిల్లుల్లోని అంకెలు పెట్టుకుని మళ్లీ చేయండి. ఇంజిన్ సర్వీసు 700 పౌండ్లు, 25 రేసులకోసారి: రేసుకి 28. వెనక టైర్ 60, రెండువైపులా కలిపి 10 రేసులు: రేసుకి 6. మిథనాల్, ఆయిల్ కలిపి 5. రెండు చెయిన్లు కలిపి 60, 25 రేసులకు: 2.40. క్లచ్ ప్లేట్లు 100, 40 రేసులకు: 2.50. మొత్తం 44 పౌండ్ల దగ్గర తేలుతుంది, అందులో ఇంజిన్‌దే దాదాపు మూడింట రెండొంతులు.

ఇక్కడ ఆగి చూడండి. చెయిన్‌ని రెండింతలు లాగించినా రేసుకి మిగిలేది పౌండు ఇరవై. దానికోసం ఇంజిన్‌ని పణంగా పెడతారా? అదే, ప్రాక్టీస్‌కి తక్కువ ట్యూనింగ్‌తో మెత్తగా ఉండే పాత ఇంజిన్ ఒకటి పెట్టుకుని, సర్వీసు 50 రేసులకోసారి చేయిస్తే ఇంజిన్ ఖర్చు 28 నుంచి 14కి దిగుతుంది, మొత్తం 30 దగ్గరికి వస్తుంది. ఈ లెక్కలో ఖర్చు తగ్గించుకోవాలంటే ముందు చేయి పెట్టాల్సిన చోటు అదే. నేర్చుకునే రోజుల్లో లీగ్ స్థాయి ఇంజిన్ కొనకండి, ఆ పవర్ మీరు ఎలాగూ వాడలేరు, బిల్లు మాత్రం పూర్తిగా మీరే కడతారు.

రేసు ఖర్చు తేలాక దాని మీద ఇంకో పాతిక శాతం వేసి పడిపోవడాల ఫండ్‌గా పక్కన పెట్టండి, కొత్తవాళ్లయితే అదీ చాలకపోవచ్చు.

ఎనిమిదో పని: పాత బండి కొంటున్నా ఇదే పుస్తకం అడగండి

"ఇంజిన్ కొత్తగా సర్వీసు చేయించా" అని చెప్పని అమ్మకందారు ఉండడు. బిల్లు చూపించమనండి, బిల్లులో రాడ్, బిగ్ ఎండ్ ఉన్నాయా, లేక రింగులు మార్చి సర్వీసు అంటున్నాడా చూడండి. తర్వాత ఎన్ని రేసులు తిరిగిందో అడగండి. సమాధానం "పెద్దగా ఏం తిరగలేదు" అయితే పూర్తి సర్వీసు ఖర్చుని మీరే మనసులో రేటుకి కలుపుకుని, అంతకు తగ్గించి బేరం ఆడండి. ఫ్లోట్ బౌల్ విప్పి చూపించమని అడగడానికి మొహమాటపడకండి, లోపల తెల్లటి పొడి ఉంటే ఆ బండిని ఎలా చూసుకున్నాడో మీకు అర్థమైపోతుంది. స్ప్రాకెట్ పళ్లు, క్లచ్ బుట్ట గాళ్లు చూడండి, పెయింట్ కొత్తగా ఉన్న ఫ్రేమ్‌ని పెయింట్ పాతగా ఉన్న ఫ్రేమ్ కంటే ఎక్కువసేపు చూడండి.

బ్రిటన్‌లో సీజన్ వసంతంలో మొదలై అక్టోబర్‌తో ముగుస్తుంది. ఆఖరి మీటింగ్ అయ్యాక బండి మీద గుడ్డ కప్పి మార్చిలో చూద్దాంలే అనుకోకండి. నవంబర్‌లోనే ఇంజిన్ విప్పించడానికి ఇచ్చేయండి, చలికాలంలో ట్యూనర్ తీరిగ్గా చేస్తాడు, మీకు కావలసిన పార్టు దొరక్కపోయినా తెప్పించడానికి టైముంటుంది. ఫిబ్రవరి చివర్లో ఇస్తే మీ ముందు ఇంకా చాలా ఇంజిన్లు బల్ల మీద ఉంటాయి, మొదటి మీటింగ్‌కి అద్దె ఇంజిన్ కోసం ఫోన్లు చేసుకుంటూ కూర్చోవాలి.